ప్రవాసమున ఫలించిన అపరిగ్రహము

సన్న్యాసి ఇల్లు విడుచును. కూలికై, వర్తకమునకై, కొలువునకై దేశాంతరమేగు వాడును ఇల్లు విడుచును. గడప దాటుట ఇద్దరికిని సమానమే. కాని మొదటివాడు ఉన్నదానిని వదలుకొనుటకు దాటును. రెండవవాడు లేనిదానిని కూడబెట్టుకొనుటకు దాటును. పరాయి నేలపై బంధువులు లేరు, పెద్దల అండ లేదు, వంశము పేరు తెలిసినవారు లేరు. కావున ప్రవాసి తన గౌరవమును, భద్రతను వస్తువులలో వెదకుకొనుట సహజము. మంచి కోటు, నాలుగు కుర్చీలు, భార్య మెడలో ఒక నగ, ఇవియే అచ్చట అతనికి చుట్టములు. మోహనదాస్ కరంచంద్ గాంధీయు మొదట ఈ త్రోవనే నడిచెను. దక్షిణాఫ్రికాలో గడచిన ఇరువది యొక్క సంవత్సరములు ఆయనను ఆ త్రోవనుండి ఎట్లు మరలించినవో, ఆ మరలింపునకు ఇంటివారు ఎంత వెల చెల్లించిరో తెలిసికొనదగి యున్నది.

1888వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన, ఇంకను పందొమ్మిదేండ్లు నిండని మోహనదాసు బొంబాయి రేవున ఓడ యెక్కెను. ప్రయాణమునకు ధనము చాలనప్పుడు భార్య నగలు అమ్మినచో రెండు మూడు వేల రూపాయలు రాగలవని సూచించినది ఆయనయే. అన్నగారైన లక్ష్మీదాసు ఎట్లో సమకూర్చెదనని పూనుకొనెను. ఆ కాలపు కాఠియావాడు కుటుంబములలో నగ యనునది అలంకారము మాత్రమే కాదు, ఆపద్ధనము కూడ. ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొనవలెను. పదమూడేండ్ల పిమ్మట నగల ప్రసక్తి ఆ యింట మరల రానున్నది.

ఇంగ్లండున దిగునాటికి ఆయన దాచియుంచుకొన్న తెల్లని ఫ్లానెలు దుస్తులు ధరించెను. అది సెప్టెంబరు మాసాంతము; రేవున అట్టి దుస్తులలో నున్నవాడు తానొక్కడే. సిగ్గుతో కుంగిపోయిన ఆ యువకుడు కొలది కాలములోనే ఇంగ్లీషు పెద్దమనిషి కావలెనని నిశ్చయించుకొనెను. బాండు వీధిలో పది పౌనులకు సాయంకాలపు సూటు, పందొమ్మిది షిల్లింగులకు పొడవాటి టోపీ, అన్నగారు పంపిన రెండు పేటల బంగారు గడియారపు గొలుసు, నాట్యశిక్షణకు మూడు పౌనులు, ఫిడేలునకు మరి మూడు పౌనులు. ఈ మోజు మూడు మాసములు నిలిచెను. తరువాత ఒక నాడు, తాను చదువుకొనుటకు వచ్చితినిగాని ఇంగ్లండులో జీవితమంతయు గడపుటకు రాలేదు గదా యని తోచి, ఆయన దినదినము పైసలతో సహా లెక్క వ్రాయ నారంభించెను. రెండు గదుల బస విడిచి ఒక గదికి మారెను. ఒక పొయ్యి కొని, ఉదయము ఓటుమీలు గంజి, కోకో తానే కాచుకొనెను. దినమునకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో బ్రతుకవచ్చునని కనుగొనెను. ఇది వైరాగ్యము కాదు. అన్నగారి సొమ్ము వృథా చేయుచుంటినను బాధ. కాని లెక్క వ్రాయు అలవాటు మాత్రము ఆయనను విడువలేదు.

బారిస్టరై 1891లో తిరిగి వచ్చునప్పటికి రాజకోటలోని ఇల్లు ఆయన కొరకు కొంత మారియుండెను. పింగాణి పాత్రలు, టీ, కాఫీ ప్రవేశించియుండెను. ఆయన ఓటుమీలును, యూరోపియను దుస్తులను దానికి జోడించెను. ఖర్చు పెరిగినది గాని వకాల్తాలు పెరుగలేదు. సీమకు పోయి వచ్చినవాడు తన యింటిని సీమవలె చేయుట అప్పటికే మన దేశమున పాతబడిన ముచ్చట.

దక్షిణాఫ్రికా ప్రయాణము ఈ యిరుకునుండి వచ్చినదే. దాదా అబ్దుల్లా కంపెనీ వారు ఒక సంవత్సరము పనికి 105 పౌనులును, మొదటి తరగతి రాకపోకల ఖర్చులును ఇత్తుమనిరి. 1893 మే నెలలో ఆయన డర్బనులో దిగెను. జూను 7వ తేదీ రాత్రి పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనులో మొదటి తరగతి టికెట్టు చేతనుండగనే రైలునుండి త్రోసివేయబడిన కథ అందరెరిగినదే. అందలి ఒక చిన్న అంశమును మాత్రము పలువురు గమనింపరు. అది ఎత్తైన ప్రదేశము, శీతకాలము. ఆయన ఓవర్‌కోటు సామానులో నున్నది. సామాను రైల్వేవారి అధీనమున నున్నది. అడిగినచో మరల అవమానింతురేమో యని అడుగక, వెలుగులేని గదిలో వణకుచు ఆ రాత్రి గడపెను. టికెట్టు, కోటు రెండును ఆయనవే. రెండును ఆయనకు అక్కరకు రాలేదు. ప్రవాసికి వస్తువు ఇచ్చునని తలచు రక్ష ఎంతటిదో ఆ రాత్రి తేటపడినది.

అయినను ఆయన వెంటనే వస్తువులను విడిచెనని తలపరాదు. జరిగినది దీనికి విరుద్ధము. భారతీయుల వోటు హక్కును హరించు బిల్లును ఎదిరించుటకు 1894లో నేటాలున ఆగిపోయినప్పుడు, ప్రజాసేవకు జీతము పుచ్చుకొననని ఖండితముగ చెప్పెను గాని, బారిస్టరు హోదాకు తగినట్లు నివసింపనిచో జాతికి గౌరవము రాదనియు నమ్మెను. అందుకు ఏటికి 300 పౌనులు కావలెనని అంచనా వేసెను. ఇరువదిమంది వర్తకులు తమ న్యాయవ్యవహారముల నొప్పగించి ఆ మొత్తమునకు పూచీపడిరి. దాదా అబ్దుల్లా తాను వీడ్కోలు సమయమున ఇయ్యదలచిన సొమ్ముతో మేజాలు, కుర్చీలు కొనియిచ్చెను. డర్బనులో తెల్లవారి పేటయగు బీచ్ గ్రోవులో ఇల్లు వెలసెను. 1896లో భార్యాబిడ్డలను తీసికొనివచ్చునప్పుడు వారికి పార్సీల తరహా దుస్తులు వేయించి, మేజోళ్లు తొడిగించి, కత్తి ముల్లులతో భుజింప నేర్పించెను. పిల్లల పాదములు నొచ్చినవి, మేజోళ్లు చెమటకంపు కొట్టినవి. కస్తూరిబా ఇష్టము లేకున్నను సహించెను. నాగరికతా చిహ్నములున్నచో తెల్లవారు మన్నింతురను ఆశ ఆనాడు ఆయనకును ఉండెను. 1897 జనవరి 13వ తేదీన ఓడ దిగినప్పుడు డర్బను వీధులలో మూక ఆయనను రాళ్లతోను, కాళ్లతోను కొట్టినది. పోలీసు అధికారి భార్యయగు అలెగ్జాండరు దొరసాని తన గొడుగు అడ్డుపెట్టి కాపాడినది. ఆయన మీద నున్న దుస్తుల తీరు ఆ మూకకు కనిపించినట్లు లేదు.

ఇదే కాలమున ఆయన మరియొక విధమైన ప్రవాసులను దగ్గరగ చూచెను. 1860 నుండి 1911 వరకు ఒడంబడికపై నేటాలునకు తేబడిన కూలీలు లక్ష యేబదివేలకు పైబడిరి. మద్రాసు రేవున ఓడ యెక్కినవారిలో తమిళులతోపాటు గోదావరి, విశాఖ మండలముల తెలుగువారును గలరు. చెరకుతోటలలోను, బొగ్గుగనులలోను ఐదేండ్ల గిర్మిటు ముగిసిన పిమ్మట అచ్చటనే నిలువగోరు వానిపై 1895 నాటి శాసనము ఏటికి మూడు పౌనుల తలపన్ను విధించినది. నెలకు పదునాలుగు షిల్లింగులు కూడ దొరకని మనుష్యుడు తనకును, భార్యకును, ఎదిగిన బిడ్డలకును ఈ పన్ను చెల్లింపవలెను. నలుగురున్న ఇంటికి పండ్రెండు పౌనులు, అనగా ఏడాది కూలికంటెను ఎక్కువ. పన్ను చెల్లించు శక్తి లేనివాడు తిరిగి గిర్మిటులో చేరవలెను, లేదా ఓడ యెక్కి పోవలెను. ఒక కుండ, రెండు దుప్పట్లు, కొంచెము కూరగాయల మడి సంపాదించుకొని స్వతంత్రుడగుటయే నేరమైనది. చిరిగిన బట్టలతో, విరిగిన పండ్లతో, తలపాగ చేతబట్టుకొని వచ్చిన బాలసుందరము వంటి కూలీలు కార్యాలయమునకు రాసాగినప్పుడు బారిస్టరు హోదా ఆయన కంటికే ఎబ్బెట్టుగ తోపనారంభించినది.

చాకలి ఖర్చు అధికమగుటచే ఆయన పుస్తకము తెచ్చి ఉదుకుట నేర్చుకొనెను. మొదటి దినమున గంజి ఎక్కువై, కాలరునుండి బొట్లు రాలుచుండగ కోర్టునకు పోయి తోడి న్యాయవాదులను నవ్వించెను. తెల్ల మంగలి క్షౌరము చేయ నిరాకరింపగ కత్తెర కొని తన జుట్టు తానే కత్తిరించుకొనెను. వెనుకవైపు ఎలుకలు కొరికినట్లున్నదని మరల నవ్విరి. ఈ విద్య వ్యర్థము కాలేదు. 1912లో గోఖలే దక్షిణాఫ్రికాకు వచ్చినప్పుడు, జొహానెస్‌బర్గు విందునకు ముందు ఆయన ఉత్తరీయము నలిగియుండెను. అది మహాదేవ గోవింద రెనడే ప్రసాదించినది. గోఖలే దానిని మిక్కిలి ప్రత్యేక సమయములలోనే ధరించువాడు. ఇస్త్రీకి చాకలికడకు పంపు వ్యవధి లేదు. గోఖలే సందేహించుచున్నను గాంధీజీ స్వయముగ ఇస్త్రీ చేసి యిచ్చెను. వస్తువులను విడిచినవానికి ఇతరుని ప్రియవస్తువు విలువ తెలియకపోలేదు.

ఇక నగల కథ. 1901లో స్వదేశమునకు మరలుచు వీడ్కోలు సభలు జరిగినప్పుడు నేటాలు భారతీయులు బంగారు, వెండి వస్తువులను, వజ్రపు నగలను కుప్పలుగ సమర్పించిరి. కస్తూరిబాకు ఏబది గినీల బంగారు హారము వచ్చెను. ఆ రాత్రి గాంధీజీకి నిద్ర పట్టలేదు. గదిలో అటునిటు నడచుచు తెల్లవార్లు ఆలోచించెను. సేవకు వెల కట్టరాదని పదిమందికి చెప్పినవాడు, నగల మోజు విడువుమని స్త్రీలకు బోధించినవాడు, వీనిని ఇంట నెట్లు ఉంచుకొనును? తెల్లవారకమునుపే పార్సీ రుస్తుంజీ మొదలగువారిని ధర్మకర్తలుగ పేర్కొని, ఆభరణములన్నిటిని జాతిసేవానిధిగ అప్పగించు పత్రము వ్రాసెను. తరువాత ముందుగ పిల్లలను ఒప్పించి, వారిచే తల్లిని ఒప్పింపజూచెను.

ఆమె ఒప్పుకొనలేదు. తనకు అక్కరలేకున్నను రేపు వచ్చు కోడండ్రకు ఏమి పెట్టవలెనని అడిగెను. తన నగలను ఇదివరకే తీయించినవాడు కోడండ్రకు నగలు చేయించునా యనెను. కొడుకులను ఇప్పటినుండియే బైరాగులను చేయుచున్నారని నిష్ఠురమాడెను. చివరకు, హారము తనకిచ్చినదే గదా, దానిపై భర్తకేమి అధికారమని నిలదీసెను. అది తన సేవకొరకే గదా ఇచ్చినదని ఆయన యన్నప్పుడు, భర్త సేవ యనునది భార్య సేవ కూడ కాదా, దారిన పోవు వారినెల్ల ఇంటికి తెచ్చినప్పుడు రేయింబవళ్లు చాకిరి చేసినది ఎవ్వరని ఆమె కన్నీటితో అడిగెను.

ఈ చివరి ప్రశ్నకు సమాధానము దొరికినట్లు కనబడదు. బాణములు కొన్ని తనకు సూటిగ తగిలినవని గాంధీజీయే పిమ్మట ఒప్పుకొనెను. అయినను నిశ్చయము మార్చుకొనలేదు, ఆమెనుండి ఎట్లో సమ్మతి రాబట్టెను. 1896లోను, 1901లోను వచ్చిన కానుకలన్నియు బ్యాంకునకు చేరినవి, నిధి జాతి అవసరములకు వినియోగపడినది. ధర్మము ఆయన పక్షముననే యున్నది. అయితే పరాయి దేశమున నలుగురు బిడ్డలతో, ఏనాడు ఏ మూక మీద పడునో తెలియక కాపురము చేసిన ఇల్లాలు ఆపద్ధనమును కోరుట లోభమని ఎవ్వరును అనరాదు. త్యాగము చేయువాడు తనదానినే గాక ఇంటివారిదానిని కూడ ఇచ్చివేయుచున్నాడు. గృహస్థుని అపరిగ్రహములో సన్న్యాసికి లేని చిక్కు ఇదియే.

ఆయనకును భయము పూర్తిగ పోలేదు. బొంబాయిలో కాపురము పెట్టినప్పుడు ఒక అమెరికను భీమా ఏజెంటు మాటలకు లోబడి పదివేల రూపాయలకు పాలసీ తీసికొనెను. 1902 చివర మరల దక్షిణాఫ్రికాకు పిలుపు వచ్చి, 1903లో జొహానెస్‌బర్గున దివ్యజ్ఞాన సమాజపు మిత్రులతో గీత చదువుచున్నప్పుడు ఆ పాలసీ ఆయన మనసును కెలికినది. ఉదయము పండ్లు తోముకొను పావుగంటలో గోడపై అంటించిన శ్లోకములు చూచి పదమూడు అధ్యాయములు వల్లించెను. అపరిగ్రహము, సమభావము అను రెండు మాటలు ఆయనను పట్టుకొన్నవి. భార్యాబిడ్డలు పరిగ్రహము కారా? బీరువానిండ పుస్తకములు? సందేహము తీర్చినది విచిత్రముగ ఇంగ్లీషు న్యాయశాస్త్రము. స్నెల్ ధర్మన్యాయ గ్రంథమున చదివిన ధర్మకర్త అను పదము అప్పుడు వెలుగునిచ్చినది. ధర్మకర్త చేతిలో కోట్లున్నను, వానిలో ఒక్క కాసైన తనది కాదు. ముముక్షువు తనకున్నదాని నట్లు చూడవలెను. పాలసీ రద్దుకానిచ్చి, ఇకమీదట మిగిలినది జాతికే చెందునని అన్నగారికి వ్రాసెను. లక్ష్మీదాసు మిక్కిలి నొచ్చుకొనెను. తండ్రివలె పెంచి, సీమకు పంపి, కుటుంబ భారము మోసిన తాను ఏమి కావలెననెను. చాల ఏండ్లు ఉత్తరములు లేవు. 1914లో చనిపోవుటకు ముందు ఆయన తమ్ముని మార్గమును మెచ్చి క్షమాపణ కోరుచు వ్రాసెను.

ధర్మకర్తృత్వము నోటిమాట కాదని త్వరలోనే పరీక్ష వచ్చినది. గిర్మిటు కూలీగ వచ్చి బాగుపడిన బద్రీ అను కక్షిదారుడు తన సొమ్మును గాంధీజీకడ దాచుకొనెను. ఆయన అతని యనుమతితోనే అందుండి వేయి పౌనులు ఒక శాకాహార భోజనశాల నడపు దొరసానికి బదులిచ్చెను. భోజనశాల మూతపడినది, సొమ్ము మునిగినది. బద్రీ అడుగలేదు. గాంధీజీ తన సంపాదనలోనుండి ఆ వేయి పౌనులు చెల్లించెను.

1904లో జొహానెస్‌బర్గునుండి డర్బనుకు రైలెక్కునప్పుడు మిత్రుడు పోలక్ ఇచ్చిన రస్కిన్ గ్రంథము ఆ రాత్రి ఆయనను నిద్రపోనీయలేదు. ఆ సంవత్సరముననే డర్బనుకు పదునాలుగు మైళ్ల దూరమున, ఫీనిక్సు స్టేషను సమీపమున, వేయి పౌనులకు నూరెకరముల భూమి కొనబడినది. పండ్లచెట్లు, ఒక చిన్న నీటిబుగ్గ, పాడుపడిన కుటీరము, పాములు. రుస్తుంజీ పాత ఇనుపరేకులు, కట్టడపు సామగ్రి ఇచ్చెను. నెల తిరుగకమునుపే 75 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పుగల పాక లేచినది. ఇండియన్ ఒపీనియన్ పత్రిక ముద్రణాలయము దానిలోనికి చేరినది. అదివరకు ఆ పత్రికకై ఆయన ఒక్కొక్క నెల 75 పౌనులు పంపవలసి వచ్చుచుండెను. ఇకమీదట పనివాడైనను, సంపాదకుడైనను నెలకు మూడు పౌనులే. తలకు మూడేసి ఎకరముల మడి. 1912లో ఫీనిక్సుపై తనకు గల హక్కును కూడ ఆయన ధర్మకర్తలకు వ్రాసియిచ్చెను.

1906లో సత్యాగ్రహము పుట్టిన పిమ్మట ఆస్తి సంగతి మరియొక రూపమున ఎదురయ్యెను. దుకాణము గలవాడు లైసెన్సుకు, అప్పులవారికి, జప్తునకు వెరవవలెను. కూలివానికి అవి లేవు. ఎవని చేతిలో ఎక్కువ యున్నదో వాని మెడ ప్రభుత్వపు చేతికి అంత దగ్గర. ట్రాన్స్‌వాలు భారతీయుల సంఘాధ్యక్షుడగు అహమ్మదు మహమ్మదు కాఛలియాను లొంగదీయుటకు తెల్ల వర్తకులు బాకీలన్నియు ఒక్కసారి చెల్లింపుమని పట్టుబట్టిరి. ఆయనకు సరకు ఉన్నది, రావలసిన పైకము ఉన్నది, నగదు లేదు. ఉద్యమము విడిచినచో గడువిత్తుమనిరి. ఆయన విడువలేదు; దివాలాకు సిద్ధపడెను. వర్తకునకు దివాలాకంటె చావు మేలు. ఆయన ఆస్తి అమ్మగ అప్పులవారికి పౌనుకు ఇరువది షిల్లింగుల చొప్పున పూర్తిగ ముట్టినది. నగలు వదలిన రాత్రికంటె ఈ సంఘటన చిన్నదేమియు కాదు. కాఛలియా పేరు మాత్రము మనలో కొద్దిమందికే తెలియును.

1910లో హెర్మన్ కాలెన్‌బాక్ అను జర్మను యూదు శిల్పి లాలీ స్టేషను దగ్గర 1,100 ఎకరములు కొని, సత్యాగ్రహుల కుటుంబములకు అద్దె లేకుండ ఇచ్చెను. అదియే టాల్‌స్టాయి క్షేత్రము. కాలెన్‌బాకు కూడ ప్రవాసియే, బాగుగ గడించినవాడు. ఇంటి అద్దె గాక నెలకు 1,200 రూపాయలు తనపైననే వ్యయము చేసినవాడు 120 రూపాయలకు దిగెను. మారియన్‌హిల్లు ట్రాపిస్టు మఠమున చెప్పులు కుట్టుట నేర్చి వచ్చి ఇతరులకు నేర్పెను. క్షేత్రవాసులు ఖైదీల దుస్తులను పోలిన నీలి ముతక బట్టలు ధరించిరి. సొంత పనిపై జొహానెస్‌బర్గు పోవలెనన్నచో ఇరువది యొక్క మైళ్లు నడచి పోవలెను.

ఇంతటి సంపదను పిల్లలకు ఇచ్చితినని గాంధీజీ భావించెను. పెద్ద కుమారుడు హరిలాలు అట్లు భావింపలేదు. సత్యాగ్రహమున పలుమార్లు జైలునకేగిన ఆ యువకుడు ఇంగ్లండున చదువుకొనగోరెను. డాక్టరు ప్రాణజీవన మెహతా ఒక విద్యార్థికి ఖర్చు భరింతునన్నప్పుడు తండ్రి తన కొడుకును పంపక మొదట ఛగన్‌లాలును, తరువాత సొరాబ్జీని పంపెను. 1911లో హరిలాలు ఇల్లు విడిచి హిందూదేశమునకు వచ్చివేసెను. ఆ గాయము తుదివరకు మానలేదు. తాను లండనులో పొంది త్యజించినదానిని, పొందకయే త్యజింపుమని కుమారునికి చెప్పుట ఎంతవరకు న్యాయమో గాంధీజీ భక్తులు కూడ తేల్చలేకపోయిరి.

1913లో మూడు పౌనుల పన్నుపై సమ్మె న్యూకాజిలు గనులకు ప్రాకినది. తంబి నాయుడు, క్షేత్రవాసినులైన స్త్రీలు కూలీలను పని మాన్పించిరి. యజమానులు కూలిపేటలకు నీరు, దీపములు ఆపివేసిరి; కొందరి సామానులు బయట పారవేయించిరి. ఇంటిని పట్టుకొని వ్రేలాడినచో సమ్మె విరుగును. కావున కట్టుబట్టలు, కప్పుకొను దుప్పట్లు తప్ప ఏమియు తేక, ఇండ్లు విడిచి రమ్మని గాంధీజీ చెప్పెను. లాజరస్ అను క్రైస్తవ తమిళ దంపతులు తమ చిన్న ఇంటి ఆవరణమును వారికి విడిచిరి. పొయ్యిలు, పాత్రలు, కోళ్లు, ఏండ్ల తరబడి కూర్చుకొన్న సమస్తమును వెనుక వదలి వారు వచ్చిరి. నవంబరు 6వ తేదీన ట్రాన్స్‌వాలు సరిహద్దు వైపు కదలినవారు 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు. తలకు దినమునకు ఒకటిన్నర పౌను రొట్టె, ఒక ఔన్సు చక్కెర. దారిలో తల్లుల చంకలలోని ఇద్దరు పసికందులు మరణించిరి. నడక ఆగలేదు.

కాల్పులలో సమ్మెదారులు చనిపోయిన వార్త విని, చెరనుండి విడుదలయైన గాంధీజీ డిసెంబరులో డర్బను సభకు తల గొరిగించుకొని, లుంగీ, చొక్కాతో గిర్మిటు కూలి వేషమున వచ్చెను. బాండు వీధి సూటునకును దీనికిని ఇరువదియైదేండ్ల దూరము. 1914లో మూడు పౌనుల పన్ను రద్దయినది.

జూలై 18వ తేదీన గాంధీజీ, కస్తూరిబా, కాలెన్‌బాకు కేప్‌టౌనులో ఓడ మూడవ తరగతి యెక్కిరి. కాలెన్‌బాకునకు దుర్భిణులపై మక్కువ. ఒకదాని ఖరీదే ఏడు పౌనులు. ప్రతిదినము ఇద్దరును దానిపై వాదించుకొనిరి. ఒకనాడు గది కిటికీకడ నిలిచి, ఈ తగవుకంటె దీనిని సముద్రమున పారవేయుట మేలు గదా యని గాంధీజీ అడుగగ, కాలెన్‌బాకు పారవేయుడనెను. ఆయన వెంటనే విసరివేసెను. వారు చేరునప్పటికి యుద్ధము వచ్చి, జర్మనుడగుటచే కాలెన్‌బాకునకు హిందూదేశ ప్రవేశము దొరకలేదు.

1915 జనవరి 9వ తేదీన కాఠియావాడు రైతు దుస్తులతో గాంధీజీ బొంబాయిలో దిగెను. పెడ్డరు రోడ్డు భవనమున జరిగిన స్వాగతసభలో ఆ పట్టు జరీల నడుమ ఆయన తన్ను తాను పల్లెటూరి వానిగ భావించుకొనెను. చెరలో తాను కుట్టి జనరల్ స్మట్సునకు కానుకగ పంపిన చెప్పుల జత ప్రిటోరియా దరి పొలములో చాల వేసవులు తిరిగి, 1939లో ఆయన డెబ్బదియవ జన్మదినమునకు మరల ఇటు వచ్చినది. ఫీనిక్సున రెండవ కుమారుడు మణిలాలు పత్రిక నడపుచు 1956లో మరణించు వరకు నిలిచెను. 1985 ఆగస్టులో జరిగిన అల్లరులలో అచ్చటి ఇల్లు, ముద్రణాలయము తగులబడి కూలినవి. చుట్టును నిలువనీడ లేని పేదలు గుడిసెలు వేసికొనిరి. 2000వ సంవత్సరమున ఆ ఇల్లు తిరిగి కట్టబడి జనులకు తెరువబడినది.